నీటి లెక్క
గోదావరి డెల్టాలో జలపరీక్షా చరిత్ర

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజరాజనరేంద్రుని కొలువును గూర్చియు, రెడ్డిరాజుల వైభవమును గూర్చియు వ్రాయగల పండితులు గోదావరి సీమలో పెక్కుమంది కలరు. నేను ఊరి లెక్కలు వ్రాసి జీవించువాడను. సంస్కృతాంధ్రములను గురుముఖమున గాక పుస్తకముల బీరువాల యెదుట కూర్చుండి నేర్చుకొన్నవాడను. కావున నా వృత్తికి తగిన చరిత్రనే ఎన్నుకొంటిని. అది నీటి లెక్కల చరిత్ర.

నీటికి రెండు లెక్కలు కలవు. ఎంత నీరు వచ్చినదన్నది మొదటిది. ఎట్టి నీరు వచ్చినదన్నది రెండవది. గోదావరి డెల్టాలో మొదటి లెక్క నూట డెబ్బది యేండ్లుగా నడచుచున్నది. రెండవ లెక్క మాత్రము మన ఊళ్లలో ఇంకను కుదురుకొనలేదు. వేసవిలో కాలువలు కట్టివేసిన పిమ్మట, తిరిగి నీరు విడుచువఱకు మంచినీటి చెరువులో నిలిచిన నీటినే త్రాగవలసిన మనకు ఆ రెండవ లెక్క ప్రాణముతో సమానమైనది. దానిని ఎవరు వ్రాయవలెను, వ్రాయుట ఎట్లు నేర్చుకొనవలెను అను విషయమును పూర్వచరిత్రతో గూడ విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము.

పూర్వుల పరీక్ష

కౌటిల్యుని అర్థశాస్త్రమున, కోష్ఠాగారము వద్ద ఒక మూర వెడల్పుగల పాత్రనుంచి వర్షమును కొలువవలెనని చెప్పబడినది. ఏ దేశమున ఎంత వాన కురియునో ద్రోణములలో లెక్క కట్టబడినది. ధాన్యపు కొట్టు ముంగిటనే వానపాత్రను ఉంచుమనుట లెక్కలవారు మెచ్చదగిన యోచన. వానను బట్టి పంట, పంటను బట్టి పన్ను. ఇది మొదటి లెక్కకు ప్రాచీన నిదర్శనము.

రెండవ లెక్కయు మన పూర్వులకు తెలియనిది కాదు. చెడిన నీటికి స్పర్శ, రూపము, రసము, గంధము, వీర్యము, విపాకము అను ఆరింటియందు దోషములుండునని సుశ్రుతుడు చెప్పెను. తాకిన జిగురుగా నుండుట, రంగు మారుట, రుచి చెడుట, వాసన వేయుట మొదలగునవి అట్టివి. నీటిని తేర్చుటకు ఆయన చెప్పిన ఏడు సాధనములలో కతకబీజము ఒకటి. అదియే మన చిల్లగింజ. గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చు దినములలో ఆ గింజను కుండలోపల అరగదీసి నీటిని తేర్చుకొనుట మన పెద్దలు ఎఱిగినదే. వరాహమిహిరుని బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయము కలదు. నేలలో నీటిజాడ కనుగొను విధానమును చెప్పి, పిదప ఆయన కలుషితమై ఉప్పనై దుర్గంధముగల బావినీటికి చికిత్స చెప్పెను. అంజనము, తుంగముస్తెలు, వట్టివేళ్లు, ఉసిరిక, చిల్లగింజ మొదలగువాని పొడిని బావిలో వేయుట ఆ చికిత్స.

ఈ పరీక్షలన్నియు ఇంద్రియములతో చేసినవి. వానిని చిన్నచూపు చూడరాదు. నేటికిని నీటిని పరీక్షించువాడు మొదట చేయవలసినది చూచుటయు, వాసన పట్టుటయునే. ఐతే కన్నును ముక్కును మంచిదని ఒప్పుకొన్న నీటిలో గూడ మృత్యువు దాగియుండవచ్చునని తరువాతి కాలము నేర్పినది. ఆ సంగతికి పోకముందు మొదటి లెక్క మన సీమలో ఎట్లు స్థిరపడినదో చూతము.

గేజి రాయి

1832–33 నందన సంవత్సరపు కరవును, 1839లో కోరంగిని ముంచిన తుపానును గోదావరి సీమ ఎట్లో దాటినది. నది నిండుగా సముద్రమున కలియుచుండగా పొలములు ఎండుచుండుటను చూచి సర్ ఆర్థరు కాటన్ దొర ఆనకట్టకు పూనుకొనెను. పని 1847లో మొదలై 1852లో పూర్తియయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆ కట్టడము సాగినది. కూలిజనమును సమకూర్చి, పనిని నడిపించుటలో దొరకు కుడిభుజముగా నిలిచిన వీణెం వీరన్నగారిని ఈ సందర్భమున తలచుకొనుట మన ధర్మము. పాత ఆనకట్టకు బదులుగా తరువాతి కాలమున కట్టిన బ్యారేజికి కాటన్ పేరే పెట్టిరి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో సుమారు పది లక్షల ఎకరములు ఆ నీటితో తడియుచున్నవి.

ఆనకట్టతో కాలువలు, కాలువలతో లాకులు, లాకులతో గేజీలు వచ్చినవి. అడుగులు అంగుళములుగా గుర్తులు పెట్టిన ఆ గేజీని చూచి అంకె వ్రాయువాడు పెద్ద ఇంజనీరు కాడు. లాకు వద్ద నుండు లస్కరు. అతని చదువు కొద్దిది. ఐనను అతడు వ్రాసిన అంకెపై ఇంజనీర్లు తలుపులెత్తిరి, దించిరి. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులైన మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులైన రెండవది, 17.75 అడుగులైన మూడవది. ఈ మూడంకెలు లంకగ్రామములలో పిల్లలకు గూడ నోటికి వచ్చును. 1986 ఆగస్టు వరదలో భద్రాచలము వద్ద నీరు 75 అడుగులు దాటినప్పుడు క్రిందివారికి ముందుగా తెలిసినది ఆ అంకెల వలననే.

ఆ లెక్కను లోకము ఏల నమ్మినది? వ్రాసినవాని పాండిత్యమును చూచి కాదు. ఒకే చోట, ఒకే వేళకు, ఒకే కొలతతో, ఒకే పుస్తకమున, ఏ దినమును విడువక వ్రాసినందువలన నమ్మినది. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొన గోరెదను. వ్యాసమంతయు దీనిపైననే నిలిచియున్నది.

కంటికి కనబడని దోషము

1854 ఆగస్టు చివర లండను నగరమున సోహో అను పేటలో కలరా చెలరేగి కొద్ది వారములలో ఆరువందలమందికి పైగా మరణించిరి. దుర్వాయువు వలన కలరా పుట్టునని నాటి వైద్యుల నమ్మకము. జాన్ స్నో అను వైద్యుడు మరణించినవారి ఇండ్లను పటముపై గుర్తించి, వారిలో పెక్కుమంది బ్రాడ్ వీధిలోని ఒక పంపు నీరు త్రాగినవారని చూపెను. ఆ నీరు చూచుటకు తేటగానే యుండెను. సెప్టెంబరు 8న పంపుపిడి ఊడదీసిరి.

ఈ కథ చాలమందికి తెలిసినదే. దానిలో రెండవ మనిషి మాత్రము అంతగా తెలియడు. హెన్రీ వైట్‌హెడ్ అను ఆయన ఆ పేటలోని చర్చిలో మతగురువు. వైద్యము చదివినవాడు కాడు. మొదట స్నోగారి మాటను నమ్మక, దానిని ఖండింపవలెనని ఇంటింటికి తిరిగి విచారించెను. ఆ పేటవారందఱును ఎఱిగినవారగుటచే ఆయనకు ఎవరును ఏమియు దాచలేదు. విచారణ సాగినకొలది స్నోగారి మాటయే నిజమని ఆయనకే తోచినది. పంపు ప్రక్క ఇంటిలో జబ్బుపడిన పసిపాప గుడ్డలు ఉతికిన నీరు నూతి సమీపమునగల మురుగుగుంటలో పోసినారనియు, అచ్చటినుండి దోషము నూతిలోనికి దిగినదనియు కనుగొన్నవాడు ఆయనయే. శాస్త్రజ్ఞుడు త్రోవ చూపగా ఊరినెఱిగినవాడు మూలము పట్టుకొనెను. నేటి స్వచ్ఛంద జలపరీక్షకులకు ఈయనను మూలపురుషుడనవచ్చును.

ముప్పది యేండ్ల పిమ్మట, 1884లో, జర్మనీ పండితుడు రాబర్టు కోఖ్ కలకత్తాకు వచ్చి కలరా క్రిమిని ఒక చెరువు నీటిలో చూచెను. చుట్టునున్నవారు ఆ చెరువుననే స్నానము చేసి, గుడ్డలుతికి, ఆ నీటినే త్రాగుచుండిరి. ఇట్టి చెరువు ఎట్లుండునో మన డెల్టావాసులకు వేఱుగ వర్ణింపనక్కఱలేదు.

మన జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న కాలమున నీటి పరీక్షకు పేరొందిన సంస్థ 1899లో గిండీలో స్థాపింపబడిన కింగ్ సంస్థ. క్రిములకై పరీక్షింపవలసిన నీటిని మంచులో నుంచి ఒక దినములోపల ప్రయోగశాలకు చేర్చవలెను. అంతకు మించిన ఆలస్యమైనచో క్రిముల సంఖ్య మారిపోవును. లంకలోని చెరువు నీరు గిండీకి ఆ వేళకు చేరుట ఎంత దుర్ఘటమో ఊహింపవచ్చును. పరీక్షించు విద్య పట్టణమున నుండగా పరీక్షింపవలసిన నీరు పల్లెలో నుండెను. ఈ ఎడమే మన రెండవ లెక్కకు మొదటి ఆటంకము.

క్రిములేగాక లవణములు గూడ కంటికి కనబడక హాని చేయును. నెల్లూరు, ప్రకాశము ప్రాంతముల బావినీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసికొని నడుములు వంగిపోవుటను షార్టు మొదలగు వైద్యులు 1937లో లోకమునకు తెలిపిరి. నల్లగొండ సీమయు ఆ బాధకు గురియైనది. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతి నల్లగొండ పేరుతోనే లోకమున ప్రసిద్ధమైనది. ఆ బావుల నీరు తేటగానే యుండును, వాసన లేదు. తరములు గడచినను ఇంద్రియములు పట్టలేని దోషమది.

మన కాలువలు మారిన తీరు

కాటన్ నాటి కాలువ పొలమునకు నీరిచ్చినది, పడవను మోసినది, బిందెను నింపినది. ఒకే నీరు మూడు పనులు చేసెను. సముద్రతీర గ్రామములలో భూగర్భజలము ఉప్పన గావున కాలువ నీటితో నిండిన చెరువే మనకు గతి.

వరిచేలకు రసాయనపు ఎరువులు, పురుగుమందులు వాడుక పెరిగిన పిమ్మట పొలమునుండి జారిన నీరు మునుపటి నీరు కాలేదు. 1980ల నుండి చేపల చెరువులు, పిదప రొయ్యల చెరువులు పెరిగినవి. వాని వలన పెక్కు కుటుంబములు బాగుపడినవన్నది నిజమే. వాని నుండి విడిచిన నీరు పంటకాలువలోనికో మురుగుకాలువలోనికో చేరుచున్నదన్నదియు నిజమే. తీరమందలి రొయ్యల సాగుపై సర్వోన్నత న్యాయస్థానము 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పెను. 2005లో తీరప్రాంత జలసాగునకు ప్రత్యేక శాసనము వచ్చెను. కృష్ణా గోదావరుల నడుమనున్న కొల్లేరు 1999లో పక్షిరక్షిత ప్రాంతమై, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు పొందినది. 2006లో దానిలోని చేపలచెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించెను. యనమదుర్రు, గొంతేరు మొదలగు మురుగుకాలువలు పట్టణముల మురుగును, చెరువుల నీటిని మోసికొనుచు సముద్రమునకు పోవు దారిలో ఎన్నియో గ్రామములను తాకుచున్నవి.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమపై తుపాను విరుచుకుపడినప్పుడు వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. కూలిన కొబ్బరిచెట్లు, పశువుల కళేబరములు మంచినీటి చెరువులను పాడుచేసినవి. 2020 డిసెంబరు తొలివారమున ఏలూరు పట్టణములో అయిదువందలమందికి పైగా మూర్ఛ, తలతిరుగుడు, వాంతులతో ఆసుపత్రిపాలైరి. కొందఱి రక్తమున సీసము, నికెలు ఉన్నవని ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు తెలిపిరి; పురుగుమందుల అవశేషములే కారణమని తరువాత నిపుణులు అభిప్రాయపడిరి. ఇట్టి విపత్తు వచ్చినప్పుడు పరీక్షకులు అడుగు మొదటి ప్రశ్న ఒకటే: నీరు ఇంతకుముందు ఎట్లుండెను? నిన్నటి అంకె లేనిచో నేటి అంకెకు అర్థము లేదు. పాత నిలువ లేని పుస్తకమున లాభనష్టములు తేల్చలేమని లెక్కలు వ్రాయు ప్రతివాడును ఎఱుగును.

శాసనము లేకపోలేదు. 1974లో జలకాలుష్య నివారణ శాసనము వచ్చి కాలుష్య నియంత్రణ మండలులు ఏర్పడినవి. ఆ శాసనమున న్యాయస్థానమునకు పనికివచ్చు నమూనా తీయు పద్ధతి నిర్ణయింపబడినది: ముందుగా తెలియజేయవలెను, ఆ స్థలపువారి యెదుట తీసి రెండు భాగములుచేసి ముద్రవేయవలెను. ఊరివారు స్వయముగా తీసిన నీరు ఆ విధముగా సాక్ష్యము కానేరదు. ఐనను 1988 సవరణ ప్రకారము, మండలికి అరువది దినముల ముందు తెలియజేసి ఏ పౌరుడైనను న్యాయస్థానమున ఫిర్యాదు చేయవచ్చును. ఫిర్యాదుచేయువానికి ఆధారము కావలెను. "నీరు పాడైనది" అన్న మాటకును, "ఫలానా నెలనుండి, ఫలానా చోట, ప్రతి సోమవారము ఈ అంకె వచ్చినది" అన్న మాటకును గల భేదము అధికారులకు వెంటనే తెలియును.

ఊరివారే పరీక్షకులు

ఊరివారికి నేర్పి నీటిని పరీక్షింపజేయుట ఇతర దేశములలో చిరకాలముగా నున్నది. అమెరికాలో ఐజాక్ వాల్టన్ సంఘమువారు 1969లో వాగుల రక్షణోద్యమము మొదలుపెట్టిరి. వాగులోని రాళ్లక్రింద బ్రతుకు చిన్న పురుగులను ఎత్తి లెక్కించుట వారు నేర్పు పరీక్ష. కొన్ని జాతులు మంచినీటియందే బ్రతుకును. కొన్ని మురుగునైనను సహించును. ఏవి మిగిలినవో చూచి నీటి గుణము నిర్ణయింతురు. ఆ పద్ధతి రాళ్లపై పరుగెత్తు వాగులకు తగినది. మన కాలువలు మెల్లగా పాఱునవి, బురద అడుగు గలవి, గుఱ్ఱపుడెక్క క్రమ్మినవి. కావున వారి పట్టికను యథాతథముగా తెచ్చుకొనరాదు; వారి క్రమశిక్షణను తెచ్చుకొనవచ్చును.

మనకు దగ్గఱి నిదర్శనము రాయలసీమ, తెలంగాణములలో కలదు. ఆంధ్రప్రదేశ్ అవిభక్తముగా నున్న కాలమున, ఈ శతాబ్ది తొలి దశకమున, రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకమొకటి ఏడు కరవు జిల్లాలలో నడచినది. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరము, నల్లగొండ ఆ జిల్లాలు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. స్త్రీలును పురుషులును వానపాత్ర చూచుట, పదునైదు దినముల కొకమాఱు బావిలో నీటిలోతు కొలుచుట నేర్చుకొనిరి. ఆ అంకెలను పుస్తకమున వ్రాసి, ఊరిలో బోర్డుపై అందఱు చూచునట్లు ప్రకటించిరి. రబీకి ముందు గ్రామసభ కూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటకు కావలసినదెంత అని బడ్జెటు వేసికొనిరి. ఎవరును శాసింపకపోయినను పెక్కు చోట్ల రైతులు వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మఱలిరి. అంకె తమ చేతితో వ్రాసినది గావున దానిని వారు కాదనలేకపోయిరి.

నీటి గుణపరీక్షకు గూడ చవుకయైన సాధనము మన దేశముననే పుట్టినది. 1982లో గ్వాలియరు రక్షణ పరిశోధనశాలకు చెందిన మంజా మొదలగువారు ఒక చిన్న సీసా పరీక్షను కనుగొనిరి. మందు పూసిన కాగితముగల శుద్ధమైన సీసాలో నీరుపోసి ఒకటి రెండు దినములు కదలింపక ఉంచవలెను. మలసంబంధమైన క్రిములున్న నీరు గంధకపు వాయువును పుట్టించి నల్లబడును. దానికి యంత్రములక్కఱలేదు, మన ఉష్ణమే చాలును. గిండీకిని లంకకును నడుమనున్న ఎడమును ఈ సీసా పూడ్చినది.

2006 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము గ్రామీణ జలగుణ పరిశీలన కార్యక్రమము ప్రారంభించి, ప్రతి పంచాయతీలో అయిదుగురికి పరీక్ష నేర్పవలెనని నిర్ణయించెను. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన్ మిషన్ నియమములలో ప్రతి గ్రామమున అయిదుగురు స్త్రీలకు పరీక్షపెట్టె వాడుక నేర్పవలెనని ఉన్నది. ఇది యుక్తమైన నిర్ణయము. నీటిబిందె మోయువారికే నీటి మార్పు మొదట తెలియును. ఐతే శిక్షణ ఒక్క పూటతో ముగిసి పెట్టె బీరువాలో చేరినచో నియమము నియమముగనే మిగులును. శిక్షణకు ఫలము పుస్తకములో కనబడవలెను.

శిక్షణయందలి ముఖ్యాంశములు

చోటు: అయిదు చోట్లు చాలును. కాలువ ఊరిలో ప్రవేశించు చోటు, ఊరు దాటిన చోటు, చెరువునకు నీరు వచ్చు తూము, చివరి వీధి కుళాయి, మురుగుకాలువ కలియు మొగ. ఎగువన నొకటి, దిగువన నొకటి ఉన్నగాని దోషము ఊరిలో చేరినదా, పైనుండి వచ్చినదా అను తగవు తీఱదు.

వేళ: ప్రతివారము ఒకే దినమున ఒకే గంటకు నీరు తీయవలెను. పాచిగల చెరువులో నీటిలోని ప్రాణవాయువు పగటి ఎండకు పెరిగి, రాత్రి తగ్గి, తెల్లవారుజామునకు అతి తక్కువగును. ఆ వేళ చేపలు పైకి తేలి నోళ్లు తెఱచుట చేపల రైతులందఱకు తెలిసినదే. ఒకవారము ఉదయము, మఱువారము మధ్యాహ్నము కొలిచినచో ఆ భేదము నీటిది కాదు, గడియారముది.

తీయు విధము: ప్రవాహమునకు ఎదురుగా నిలిచి, పైనున్న తెట్టును తప్పించి, మూర లోతున నీరు తీయవలెను. లవణములను పరీక్షించు సీసాను అదే నీటితో మూడుమాఱులు తొలువవలెను. క్రిములను పరీక్షించు సీసాను మాత్రము తొలువరాదు. మూత లోపలిభాగమును తాకరాదు.

చూడవలసినవి: ప్రతివారము రంగు, వాసన, చచ్చిన చేపలు, ఆమ్లక్షార గుణము, కరగిన లవణములు, కుళాయి వద్ద మిగిలిన క్లోరిను. నెలకొకమాఱు సీసా పరీక్ష. భారత ప్రమాణముల సంస్థ నిర్ణయము ప్రకారము ఆమ్లక్షార సూచి 6.5 నుండి 8.5 వఱకును, కరగిన లవణములు లీటరునకు 500 మిల్లీగ్రాములకు లోబడియు ఉండవలెను. వేఱు ఆధారము లేనిచోట లవణములు 2000 వఱకు ఓర్వవచ్చును. నైట్రేటు 45 మించరాదు. ఫ్లోరైడు 1 మించకుండుట మేలు, 1.5 మించరాదు. మిగులు క్లోరిను 0.2 ఉండవలెను. మూత తీసియుంచిన బ్లీచింగు పొడి బలము కోల్పోవును; పొడి చల్లినారన్నంతమాత్రమున నీరు శుద్ధమైనట్లు కాదు. కుళాయి చివర క్లోరిను చూచినప్పుడే ఆ సంగతి తేలును.

వ్రాయు విధము: ఇది నాకు తెలిసిన విద్య గావున గట్టిగా చెప్పెదను. అంకెను అక్కడికక్కడే వ్రాయవలెను. ఇంటికి వచ్చి వ్రాయరాదు. తప్పు పడినచో చెఱిపివేయక అడ్డుగీత గీచి ప్రక్కన సరియైనది వ్రాసి సంతకము చేయవలెను. పరీక్ష చేయని వారమున "చేయలేదు" అని వ్రాయవలెను. ఖాళీ గడి సిగ్గు కాదు. ఊహించి నింపిన గడి పుస్తకమంతటిని పాడుచేయును. ఇద్దఱు వేఱువేఱుగా పరీక్షించి, ఒకరి అంకె ఒకరు చూడకుండ వ్రాసి, పిదప సరిచూచుకొనవలెను. అప్పుడప్పుడు అదే నీటిని ప్రభుత్వ ప్రయోగశాలకు పంపి మన అంకెతో పోల్చవలెను.

మఱియొక నియమము అన్నింటికంటె ముఖ్యము. పుస్తకమున నీటి గుణము వ్రాయవలెను గాని మనుష్యుని పేరు వ్రాయరాదు. ఎగువ చెరువు యజమాని మన బంధువు కావచ్చును. మన అప్పు తీర్చినవాడు కావచ్చును. నిందతో మొదలైన పుస్తకము మూడవ వారమున తగవుతో మూతపడును. అంకెలు నిలిచినచో అవే మాటలాడును. అప్పుడు పిలువదగినవారిని పంచాయతీయే పిలుచును.

ఈ పరీక్షల హద్దును గూడ శిక్షణలోనే చెప్పవలెను. సీసా నల్లబడకపోయినంతమాత్రమున పురుగుమందు లేదని కాదు. సీసము లేదని కాదు. అవి పెద్ద ప్రయోగశాలలకే తెలియును. నాడిచూచువాడు శస్త్రచికిత్స చేయలేడు. ఐనను ఎప్పుడు పెద్ద వైద్యుని పిలువవలెనో చెప్పవలసినవాడు అతడే.

ఇది ప్రభుత్వము చేయవలసిన పని కాదా యని కొందఱు అడుగుదురు. నిజమే, ప్రభుత్వము చేయవలసినదే. మన పుస్తకము ప్రభుత్వమునకు బదులు కాదు. ఉద్యోగి బదిలీయై పోవును. చెరువు బదిలీ కాదు. వచ్చిన ప్రతి కొత్త అధికారికి పాత లెక్క చూపగలుగుట ఊరి బాధ్యత.

గ్రంథాలయమున ఒక పుస్తకము

ఈ పుస్తకము ఎచ్చట ఉండవలెను? ఒకరి ఇంటిలో ఉన్నచో అది ఆయన పుస్తకమగును. కచేరిలో ఉన్నచో తాళము వెనుక నుండును. గ్రంథాలయమున ఉన్నచో అందఱిదగును. 1914 ఏప్రిలు 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినప్పటినుండి మన పెద్దలు గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా గాక ప్రజల పాఠశాలగా తలచిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువలో పడవపై గ్రంథాలయమును నడిపిరి. నీటిపై పుస్తకము ఊరూరికి వెళ్లినది. ఆ నీటిని గూర్చిన పుస్తకము ఇప్పుడు గ్రంథాలయమునకు రావలెను.

కార్యవర్గమువారికి నా విన్నపమిది. రజతోత్సవ జ్ఞాపకముగా గట్టి అట్టగల పెద్ద చిట్టా ఒకటి కొని, పుటలకు వరుస అంకెలు వేసి, వార్తాపత్రికల బల్లపైననే ఉంచవలెను. వాకిట చిన్న బోర్డుపై ఆ వారపు అంకెలు వ్రాయవలెను. స్వయంసహాయక సంఘముల స్త్రీలు, పాఠశాలలోని పై తరగతుల విద్యార్థులు, ఒక లస్కరు, ఒక చేపలరైతు కలిసి పదిమంది చాలును. చేపలరైతు తప్పక ఉండవలెను. నీటిని అతనివలె ఎఱిగినవారు అరుదు, తాను వ్రాసిన లెక్కను తానే అనుమానింపడు. గ్రామీణ నీటిసరఫరా విభాగమువారిని పిలిచి వచ్చు వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందే శిక్షణ జరిపింపవలెను. చెరువు నిండిననాటి అంకె మొదటి పుటలో పడినగాని తరువాతి అంకెలకు విలువ లేదు.

మొదటి యేడాది ఈ పుస్తకము వలన ఫలమేమియు కనబడకపోవచ్చును. లస్కరు వ్రాసిన మొదటి యేటి అంకెలకును అంతే విలువ. ఏండ్లు గడచినకొలది అది వరదను ముందుగా చెప్పగల పుస్తకమైనది. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి నేడు బడికి పోవు పిల్లలు పెద్దలై ఈ బల్లవద్ద కూర్చుందురు. త్రాగు నీరు ఎట్లుండెనో, ఎప్పుడు మారెనో, ఎప్పుడు బాగుపడెనో వారు తేదీలతో చెప్పగలుగుదురు గాక. సమ్మతించిన సోదరీసోదరులు తమ పేళ్లను గ్రంథపాలకులకు ఇయ్యగోరెదను.